మూట మీద రెండో కుట్టు

బండి ఆపడం వేరు, బండిలో మూట విప్పడం వేరు. ఈ తేడా తెలుసుకోవడానికి సూరత్‌లో పోలీసు ఉద్యోగం చేస్తూ నాకు ఇరవై ఆరేళ్ళు పట్టింది. కొత్తగా ఖాకీ తొడుక్కున్న మనవాళ్ళ పిల్లలు శనివారం భజనకు వచ్చినప్పుడు, మీ సర్వీసులో పెద్ద కేసు ఏదని అడుగుతుంటారు. వాళ్ళకు దొంగల వెంట పరిగెత్తిన కథ కావాలి. నా దగ్గరున్నది నేనే దొరికిపోయిన కథ. ఉద్యోగానికి పనికొచ్చేది కూడా అదే కాబట్టి రాస్తున్నాను.

మా నాన్న తెలంగాణ నుంచి వచ్చి సూరత్ ఖటోదరాలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేశాడు. సాంచాలు ఆగిన రోజుల్లో బట్టల మూటలు కుట్టేవాడు. పదేళ్ళు నిండకముందే నా చేతికి దబ్బనం ఇచ్చి గోనెపట్టా కుట్టడం నేర్పాడు. నాలుగు పోట్లు ముందుకు, ఒక ముడి వెనక్కు. మార్కెట్లో మూటలు కట్టేవాళ్ళు అట్లా కుట్టరు, నేరుగా లాగేస్తారు. మా నాన్న కుట్టు ఒకచోట తెగినా మిగతాది ఊడదు. దబ్బనంతోపాటు ఆయన నాకిచ్చిన ఇంకో ఆస్తి పారాయణం. అక్షరాలు కూడబలుక్కునే వయసు నుంచే పీట వేయించి, పదిమంది ముందు పురాణం చదివించేవాడు.

డిండోలిలో మా భజన మండలి పెట్టినప్పటి నుంచి ఆ పీట నాదే. మండలికి పెద్ద, మా నాన్న స్నేహితుడు. జీవితమంతా మార్కెట్లో మూటలు కట్టిన మనిషి. చుట్టరికం లేకపోయినా ఆయన్ను మామా అనే పిలుస్తాను. మండలిలో ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. హారతికి ముందు, ఆ వారంలో తప్పు చేసినవాళ్ళు లేచి అందరి ముందూ చెప్పి, మూడుసార్లు లెంపలు వేసుకోవాలి. ఎవరూ తీర్పు చెప్పరు, సలహా ఇవ్వరు. పక్కింటి నీళ్ళు పట్టుకున్నామని ఒకరు, అత్తగారి ఫోను కావాలనే ఎత్తలేదని ఒకరు చెబుతారు. నేను ప్రతి వారం, కోపంలో ఒక లారీ డ్రైవరును తిట్టానని చెప్పేవాణ్ణి. తేలిగ్గా పోయే తప్పు. పీట మీద కూర్చున్నవాడికి అంతకన్నా పెద్దవి ఉండవని నా నమ్మకం.

అప్పట్లో నేను హెడ్ కానిస్టేబుల్ని. ఇక్కడ జమాదార్ అంటారు. గుజరాత్‌లో మందు నిషేధం కదా, మా పనిలో సగం సీసాలు వెతకడమే. మా ఇన్‌స్పెక్టర్ గుజరాతీ ఆయన, మెత్తగా మాట్లాడి గట్టిగా నవ్వించే మనిషి. ఒకరోజు పొద్దున హాజరు తీసుకుంటూ అన్నాడు.

"సోదాకు ఆ టీ బండి ఇద్దర్నీ ఇక పంచులుగా పిలవకండి. నిన్న కోర్టులో జడ్జిగారు వాళ్ళను చూసి 'కేమ్ ఛో' అని పలకరించారు."

పంచులంటే, పోలీసులు సోదా చేసేటప్పుడు సాక్షులుగా పిలిచే ఇద్దరు బయటి మనుషులు. వాళ్ళ కళ్ళ ముందు ఏం దొరికిందో రాసేది పంచనామా. ఠాణా ఎదుట టీ అమ్మే ఇద్దరు ప్రతి కేసులోనూ పంచులై కోర్టుకు చుట్టాలైపోయారు.

నేను ఛాతీ పొంగించి, "సాహెబ్, మా భజన మండలిలో అబద్ధం ఆడని మనుషులున్నారు. వాళ్ళను తెస్తాను" అన్నాను.

ఇన్‌స్పెక్టర్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "అబద్ధం ఆడనివాళ్ళా? ఆలోచించుకో జమాదార్. తర్వాత నీకే ఇబ్బంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ వారంలోనే, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, సూరత్ శివార్లలోని జోల్వా నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో నిలబడ్డాను. తోడున్న హోంగార్డు రోడ్డుకు అవతల లారీలను మళ్ళిస్తున్నాడు. మూడు చక్రాల టెంపో ఒకటి వచ్చింది. వెనక లైటు పగిలి ఉంది. ఆపాను. డ్రైవరు ముప్ఫై ఏళ్ళవాడు, మనవాడే, డిండోలిలో ఉంటాడు. లైసెన్సు, బండి కాగితాలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. లైటుకు చలానా రాసి పంపేస్తే నా పని అయిపోయేది.

ఇక్కడ పిల్లలు కాస్త ఆగి చదవాలి. లైటు పగిలిందని ఆపినవాడు లైటు గురించి అడగాలి, కాగితాలు చూడాలి. మూట విప్పాలంటే అనుమానానికి తగిన కారణం ఉండాలి. ఆ కారణం ముందు కాగితం మీదికి ఎక్కాలి. ఇద్దరు పంచులు వచ్చి నిలబడాలి. ఆ తర్వాతే చెయ్యి మూట మీద పడాలి. నా చెయ్యి ముందే పడింది. నేతగాడి కొడుకును కదా, గోనెపట్టా మీద నుంచి నొక్కితే లోపల బట్ట ఎన్ని మడతలుందో చెప్పగలనన్న పొగరు. ఒక పెద్ద మూట నొక్కితే గట్టిగా తగిలింది. కారణం దొరికింది. అప్పుడైనా ఆగి, రాసి, ఠాణాకు ఫోన్ చేస్తే ఈ కథ లేదు. జేబులో చాకు తీసి ఒక పక్క కుట్టు బారునా కోసేశాను.

మడతల మధ్య మూడు డజన్ల సీసాలు.

డ్రైవరు ముఖం పాలిపోయింది. "అన్నా, నాకేం ఎరుకలేదే! నేను మాల్ మోసెటోణ్ణి. మార్కెట్ గేటుకాడ ఎవడో ఎక్కిచ్చిండు. చిట్టీ ఎనకనుంచి వస్తదన్నడు. మార్కా జూస్తె ఎవని దుకాణమో చెప్తనే!"

ప్రతి మూట మీదా పంపిన దుకాణం గుర్తు రంగుతో వేసిన గుడ్డముక్క ఒకటి కుట్టి ఉంటుంది. దాన్నే మార్కా అంటారు. ఇద్దరం వెతికాం. నేను కోసిన పక్కనే ఉండాలి. ఉండేది కూడా. చాకు తగిలి ఊడి, రోడ్డు పక్క వాన కాలువలో పడి, మా కళ్ళ ముందే తూము కిందికి వెళ్ళిపోయింది.

అప్పుడు హాజరులో ఇన్‌స్పెక్టర్ పంచుల గురించి చెప్పిన మాట గుర్తొచ్చింది. పంచులు లేరు. మూట ముందే కోశాను. నా స్కూటరు డిక్కీలో దబ్బనం, పురికొస ఎప్పుడూ ఉంటాయి, మండలి పందిరి గుడ్డలు కుట్టేది నేనే కాబట్టి. దబ్బనం పోకుండా దాని కంటికి ఎర్రదారం కట్టి ఉంటుంది. టెంపోలోకి ఎక్కి, సీసాలు ఉన్నవి ఉన్నట్టు సర్ది, మూటను మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను.

డ్రైవరు భయం కూడా మరిచిపోయి చూశాడు. "గిదేందన్నా? కుడుతున్నవ్?"

"నోరు మూసుకో."

"మూసుకుంట గని, మంచిగ కుడుతున్నవే! పోలీసోల్లకు గిది గూడ నేర్పుతరా?"

కుట్టడం అయ్యాక ఠాణాకూ, మామకూ ఫోన్ చేశాను. మామ, తాళాలు వాయించే ఇంకో పెద్దమనిషి స్కూటరు మీద వచ్చారు. ఠాణాలో కాగితాలు రాసే రైటరు కూడా వచ్చాడు. మామ మూట దగ్గరికి వచ్చి కుట్టును బొటనవేలితో ఒకసారి తడిమాడు. నా ముఖం చూశాడు. "ఇగ ఇప్పు" అన్నాడు. పంచుల ముందు ఒక చివర మాత్రం విప్పి సీసాలు బయటికి తీశాను. రైటరు గుజరాతీలో పంచనామా రాశాడు. మామ తెలుగులో సంతకం పెట్టాడు. ఆ హడావిడిలో దబ్బనం ఎక్కడ పడిపోయిందో తెలియలేదు.

ఇన్‌స్పెక్టర్ భుజం తట్టాడు. ఏఎస్సై పదోన్నతికి నా పేరు పంపిస్తానన్నాడు. శనివారం పీట మీద కూర్చుని పురాణం చదివాను. హారతికి ముందు లేచి, ఒక లారీ డ్రైవరును తిట్టానని చెప్పాను.

డ్రైవరుకు బెయిలు దొరికింది గాని, అంత సరుకు దొరికితే తీర్పు దాకా బండి వదలరు. టెంపో ఠాణా వెనక పడి ఉంది. అదొక్కటే అతని బతుకు. అది లేక మార్కెట్లో మూటలు నెత్తిన మోశాడు. పది రోజులకోసారి వచ్చి, బండి అద్దం తన తువ్వాలతో తుడిచి పోయేవాడు. రెండో వానాకాలానికి ట్రాలీలో గడ్డి మొలిచింది. కనిపించినవాళ్ళందరికీ ఒకటే చెప్పేవాడు. "జమాదారే ఇప్పిండు, జమాదారే కుట్టిండు."

ఠాణాలో అదొక జోకైపోయింది. "దొంగలు వంద అబద్ధాలాడతారు గాని, పోలీసు దబ్బనం పట్టాడని ఎవడూ చెప్పలేదు" అని రైటరు పడీపడీ నవ్వేవాడు. చిరిగిన చొక్కా ఎవరిదైనా కనిపిస్తే "జమాదార్‌కు ఇవ్వండి, కుడతాడు" అనేవాళ్ళు. అతను చెప్పేది నిజమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. వాళ్ళతోపాటు నవ్వేవాణ్ణి. ఇంటికెళ్ళి దేవుడి గదిలో కూర్చుంటే స్తోత్రం సగంలో మరిచిపోయేవాణ్ణి. నలభై ఏళ్ళుగా నోటికొచ్చిన స్తోత్రం. ఏమైందని మా ఆవిడ అడిగితే గొంతు బాగాలేదన్నాను. ఆ వారం మండలిలో చెప్పడానికి ఇంకో చిన్న తప్పు దొరికింది.

కేసు విచారణకు వచ్చింది. తాళాలాయన ఊరెళ్ళి రాలేకపోయాడు. సాక్ష్యానికి మామ, నేను. ఒక సాక్షి చెబుతుండగా ఇంకో సాక్షి లోపల ఉండకూడదు కాబట్టి ముందు మామను పిలిచారు, నేను వరండాలో కూర్చున్నాను. ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు. కేసు పిలిచేదాకా ఎదురు బెంచీలో డ్రైవరు, అతని భార్య కూర్చున్నారు. ఆమె నన్ను చూడలేదు. అతను మాత్రం అలవాటుగా నమస్తే పెట్టాడు. ఆ నమస్తే చాలా బరువుగా తగిలింది.

అరగంటకు మామ బయటికి వచ్చాడు. రెండు చెంపలూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

మా మండలి మనిషి లెంపలు వేసుకున్నాడంటే తప్పు చెప్పేశాడనే. కుట్టును బొటనవేలితో తడిమినప్పుడే ఆయనకు తెలిసిపోయి ఉంటుంది. "మామా, ఏం చెప్పినవ్?" అని అడిగాను.

"అడిగింది చెప్పిన. ఇగ నీ వంతు, పో నాయనా."

లోపలికి వెళ్ళేదాకా దారి ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగుల్లో నేను స్వామిని ఏం కోరానో చెబితే మీరు నవ్వుతారు. కరెంటు పోవాలని కోరాను. పోలేదు.

ప్రమాణం చేశాను. అటువైపు వకీలు ఒకామె, మా అమ్మాయి వయసుది. కాగితాలు తిప్పుతూ నెమ్మదిగా అడిగింది. "నా క్లయింటు ఒక మాట అంటున్నాడు. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. పంచులు రాకముందే మీరు మూట విప్పి, మళ్ళీ మీరే కుట్టారట."

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు పెదవి బిగబట్టారు. ప్రభుత్వ వకీలు చేతులు చాచి, ఇక దీనికేం చెప్పాలి అన్నట్టు నావైపు చూశాడు. నేను కూడా ఒక్క నవ్వు నవ్వితే చాలు, అయిపోయేది. మామ కందిన చెంపలు, టెంపోలో గడ్డి గుర్తొచ్చాయి.

"అవును సాహెబ్. నేనే కుట్టాను."

నవ్వు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. ప్రభుత్వ వకీలు నాకు ఒంట్లో బాగాలేదేమోనని మనవి చేశాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"మీకు కుట్టడం వచ్చా?"

"వచ్చు సాహెబ్. మా నాన్న నేర్పాడు."

ఆ గోనెపట్టా సాక్ష్యంగా అక్కడే ఉంది. పంచుల ముందు ఒక చివర విప్పాం గాని, మిగతా కుట్టు అట్లాగే ఉంది. దాని పక్కనే నాలుగు అంగుళాలు కుట్టి చూపించమన్నారు. దబ్బనం ఆ రోజే పోయిందని చెప్పాను. బంట్రోతు బయటికి వెళ్ళి, ఎవరి దగ్గరైనా దబ్బనం ఉందా అని కేకేశాడు. కోర్టు వరండాలో అంతకు ముందు అట్లాంటి కేక వినపడి ఉండదు.

మామ లేచి లోపలికి వచ్చాడు. చొక్కా జేబులో నుంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. లోపల నా దబ్బనం, ఎర్రదారంతో సహా. ఆ రోజు టెంపోలో పడిపోయింది ఆయనకే దొరికిందన్నమాట.

"ఇది మీ దగ్గరికి ఎట్లా వచ్చింది? ఇందాక ఎందుకు చెప్పలేదు?" అన్నారు జడ్జిగారు.

మామకు గుజరాతీ అంతంతమాత్రం. తన హిందీలో ఆయన చెప్పింది తెలుగులో రాస్తే ఇట్లా ఉంటుంది. "మీరు అడగలే సాబ్. మూట ఇప్పంగ జూసినవా అన్నరు, జూసిన అన్న. కుట్టి ఉండెనా అన్నరు, ఉండె అన్న. ఎవరు కుట్టిండ్రు అని ఎవరన్న అడిగిన్రా? గది ఆయన నోటికెల్లే రావాలని సూసిన. రాకుంటె నేనే లేసి చెప్పెటోణ్ణి. గందుకే దీన్ని జేబుల ఏసుకొని తిరుగుతున్న."

"మరి మీరు ఇందాక చెంపలు ఎందుకు వాయించుకున్నారు?"

"గది నా తప్పు సాబ్. గుజరాతీ చదవరాకున్న ఆ కాయితం మీద సంతకం పెట్టిన. ఇయ్యాల మీరు చదివిచ్చి చెప్తేనే అండ్ల ఏమున్నదో తెలిసింది."

అంటే ఆయన నా గుట్టు చెప్పలేదు. ఆ కందిన చెంపలు తన సొంత తప్పుకు. నేను మాత్రం అంతా బయటపడిందనుకుని చెప్పేశాను. స్వామి లీల అని నేను అనుకుంటాను. మా రైటరు మాత్రం తొందరపాటు అంటాడు.

నాలుగు అంగుళాలు కుట్టాను. నాలుగు పోట్లు ముందుకు, ఒక ముడి వెనక్కు. పక్కనున్న కుట్టుతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

సోదా తప్పుగా చేసినంత మాత్రాన కేసు పడిపోదు. అది పిల్లలు తెలుసుకోవాలి. కానీ ముందే విప్పి, సర్ది, కుట్టి, ఎవరి సరుకో చెప్పే మార్కా పోగొట్టాక, డ్రైవరు తెలిసే తెచ్చాడని నమ్మేదెట్లా? అనుమానం మీద అతన్ని వదిలేశారు. టెంపో ఇచ్చేయమన్నారు. నా మీద విచారణ జరపమని పైవాళ్ళకు రాశారు. ఆ మార్కా ఉంటే అసలు మనిషి దొరికేవాడు. పంచుల నియమం దొంగను కాపాడటానికి పెట్టారని మనం గొణుక్కుంటాం. ఆ రోజు నేను దాన్ని పాటించి ఉంటే దొంగ దొరికేవాడు. లోపల ఏముందో అంతర్యామికి విప్పకుండానే తెలుసు, ఆయనకు పంచులు అక్కర్లేదు. జమాదార్‌కు కావాలి.

మెట్లు దిగుతుంటే ఇన్‌స్పెక్టర్ నా పక్కకు వచ్చాడు. "చెప్పానా జమాదార్, అబద్ధం ఆడనివాళ్ళను తెచ్చుకుంటే ఇబ్బందని" అన్నాడు. ఎంత ఆపుకున్నా నవ్వు వచ్చేసింది ఆయనకు. తర్వాత విచారణలో నా మంచితనం గురించి నాలుగు మాటలు రాసిందీ ఆయనే. ఉద్యోగం నిలిచింది. పదోన్నతి మాత్రం రాలేదు, చివరిదాకా రాలేదు. కొన్నాళ్ళకు కొత్తవాళ్ళకు సోదా పాఠం చెప్పమని పంపారు. ఎట్లా చేయకూడదో నాకన్నా తెలిసినవాళ్ళు లేరట.

ఆ శనివారం డ్రైవరును మండలికి పిలిచాను. పీట మీద కూర్చోకుండా కింద నిలబడి మొత్తం చెప్పి లెంపలు వేసుకున్నాను. అతను తల గోక్కున్నాడు.

"నాకెందుకన్నా? నేనెట్లనో అట్ల బతికిన. బండికి చెప్పు, వానల నానింది గదే."

మండలి అంతా వీధిలోకి దిగింది. టెంపో ముందు నిలబడి, పగిలిన వెనక లైటు చూస్తూ మూడు లెంపలు వేసుకున్నాను. మామ హారతి పళ్ళెం కూడా కిందికే తెప్పించాడు. దబ్బనం ఇమ్మని చెయ్యి చాపితే, "నువ్ కొలువు దిగేదాక ఇది నా తాననే" అని పొట్లం జేబులో వేసుకున్నాడు. నేను రిటైరైన రోజు శాలువాలు, దండలు అన్నీ అయ్యాక వచ్చి దాన్ని నా చేతిలో పెట్టాడు. "ఇగ కుట్టుకో. ఇప్పే పని లేదు గదా."

ఇప్పుడు మండలి సామాను మోసేది ఆ టెంపోనే. పోయిన నెల పందిరి గుడ్డలు, స్వామి పటం మూట కట్టి, ఉత్సవానికి తీసుకెళ్తున్నాం. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. దారిలో ఒక కొత్త కానిస్టేబుల్ ఆపాడు. మూట చుట్టూ తిరిగి, ఒక మూల నొక్కాడు. పటం చట్రం గట్టిగా తగిలినట్టుంది. అతని చెయ్యి జేబులోకి వెళ్ళింది. చాకేమో అనుకున్నాను. ఫోన్ తీశాడు. పైవాళ్ళతో మాట్లాడి, అనుమానం ఏమిటో నోటుబుక్కులో రాసి, రోడ్డు పక్కన ఇద్దర్ని పిలిచి, కొత్త చట్టం చెప్పినట్టు వీడియో పెట్టి, అప్పుడు విప్పుతామన్నాడు. ఇంకో అరగంట ఆలస్యమైనా నాకు బాధ వేసేది కాదు.

మా డ్రైవరు సీట్లోంచి తల బయటపెట్టాడు. "ఇప్పుర్రి సాబ్, మంచిగ ఇప్పుర్రి. మళ్ల కుట్టెటాయన గీన్నే ఉన్నడు."

విప్పారు. స్వామి బయటపడ్డాడు. కానిస్టేబుల్ చెప్పులు విడిచి దండం పెట్టి, ఇబ్బంది పెట్టినందుకు ఏమనుకోవద్దన్నాడు. నేను ఎర్రదారం దబ్బనం తీసి టెంపోలోకి ఎక్కాను. అతను వీడియో ఆపబోతుంటే, ఉండనివ్వమన్నాను.

ఈసారి అందరూ చూస్తుండగా కుట్టాను.